బచ్చలి తీగ, జొన్న ముద్ద: కృష్ణకు ఇరువైపులా ఆహార చరిత్ర

ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఒక సాధారణ కూర మొక్కను చరిత్రకు ఆధారంగా ఎలా వాడుకోవచ్చో వివరించగలుగుతారు.
• చాటుపద్యం వంటి మౌఖిక ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలో విచారించగలుగుతారు.
• నాగార్జునసాగర్ కాలువలు రాకముందు, వచ్చిన తరవాత మిర్యాలగూడ, పల్నాడు ప్రాంతాల తిండిలో వచ్చిన మార్పును చెప్పగలుగుతారు.
• మీ ఊళ్ళో ఆహార చరిత్రను సేకరించే పద్ధతిని రూపొందించుకోగలుగుతారు.

1. పరిచయం

మిర్యాలగూడ నుంచి అద్దంకి వైపు పోయే రహదారి వాడపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. వాడపల్లి మూసీ నది కృష్ణలో కలిసే చోటు. వంతెన అవతల పొందుగల. అక్కడి నుంచి పల్నాడు మొదలవుతుంది. వంతెన మీద బస్సు ప్రయాణం కొద్ది నిమిషాలే. కాని 1956 వరకు ఈ నది రెండు పాలనల మధ్య సరిహద్దు. ఇవతల ఒకప్పుడు నిజాం పాలించిన నల్లగొండ జిల్లా, అవతల ఒకప్పుడు బ్రిటిష్ వారి మద్రాసు రాజధానిలో ఉన్న గుంటూరు జిల్లా. పాలకులు వేరు, పన్నులు వేరు, నాణేలు వేరు. నేల మాత్రం ఒకటే. అదే సున్నపురాయి, అదే ఎండ, నీటికి అదే కొరత. అందువల్ల రెండు గట్ల మీదా పేదవాడి కంచంలో ఉన్నదీ చాలావరకు ఒకటే.

ఆ కంచంలో ఏముండేదో మనకు ఎలా తెలుస్తుంది? శాసనాలు దానాలను, పన్నులను, రాజుల బిరుదులను నమోదు చేశాయి. రైతు ఇంట్లో రాత్రి పూట ఏం వండారో ఏ శాసనమూ చెక్కించలేదు. అటువంటి చోట చరిత్రకారుడు పక్కదారులు వెతకాలి. ఈ పాఠంలో మనం ఎంచుకున్న పక్కదారి ఒక తీగ. మీ అందరికీ తెలిసిన తీగ బచ్చలి.

2. బచ్చలి: మొక్క, దాని పేర్లు

బచ్చలి ఆసియా ఉష్ణప్రాంతాల తీగ. దక్షిణాసియా నుంచి ఆగ్నేయాసియా మీదుగా చైనా, జపాన్ వరకు పెరళ్ళలో పాకుతుంది. కాడ ఆకుపచ్చగా ఉండే రకం, ఎర్రగా ఉండే రకం అని మనం రెండుగా చూస్తాం. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో వీటిని బాసెల్లా ఆల్బా, బాసెల్లా రుబ్రా అని రెండు జాతులుగా నమోదు చేశాడు. ఇప్పటి శాస్త్రజ్ఞులు రెండూ ఒకే జాతి అంటున్నారు.

'బాసెల్లా' అన్న పేరు ఎక్కడిది? అది లాటిన్ మాట కాదు, మన మాటే. కొచ్చిన్‌లో డచ్చి వారి తరఫున అధికారం నడిపిన వాన్ రీడ్ కేరళ వైద్యుల సాయంతో అక్కడి మొక్కల వివరాలు సేకరించి 'హోర్తుస్ మలబారికుస్' అనే పెద్ద గ్రంథం చేయించాడు. అది 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా అచ్చయింది. అందులో మలయాళీల నోట విన్న పేరునే రాశారు. లిన్నేయస్ దాన్ని తీసుకుని శాస్త్రనామం చేశాడు. కన్నడంలో బసళె, తమిళంలో పసలై, తెలుగులో బచ్చలి. ఈ పేర్ల పోలిక చూస్తే ద్రావిడ భాషలు మాట్లాడేవారికి ఈ తీగతో పరిచయం పాతదని ఊహించవచ్చు. సంస్కృతంలో దీన్ని ఉపోదిక అన్నారు. చరక సంహితలో ఆ పేరు కనిపిస్తుంది. హిందీలో 'పోయీ', బెంగాలీలో 'పుయి' అనేవి ఆ దారిలో వచ్చినవి. ఇంగ్లీషు వారు మాత్రం తమ దేశపు ఆకుకూరతో పోల్చి 'మలబార్ స్పినాచ్' అన్నారు. కొత్త మొక్కకు తమకు తెలిసిన మొక్క పేరు తగిలించడం వలస పాలకుల అలవాటు. పేర్లను పరిశీలించడం కూడా చరిత్ర పనే అని దీన్నిబట్టి గ్రహించండి.

తూర్పు ఆసియాలో ఈ తీగకు మరో ఉపయోగం ఉంది. లీ షిజెన్ రచించగా 1596లో వెలువడిన చైనా ఔషధ గ్రంథం 'బెన్‌సావో గాంగ్‌ము'లో బచ్చలిని కూరగాయల్లో చేర్చారు. దాని పండ్ల రసాన్ని స్త్రీలు ముఖానికి, పెదవులకు రంగుగా పూసుకునేవారని, బట్టలకు అద్దేవారని అందులో ఉంది. జపాన్‌లో దీని పేరు 'త్సురు మురసాకి'. తీగ, ఊదారంగు అనే రెండు మాటల కలయిక అది. మన పల్లెల్లో పిల్లలు బచ్చలి పండ్లు నలిపి సిరా చేసుకుని ఆడుకుంటారు. ఆ రంగు బీట్‌రూట్‌లోని ఎరుపు వర్గానికే చెందింది. ఒకే మొక్క ఒక సమాజంలో అలంకరణ వస్తువైంది, మరో సమాజంలో పేదవాడి కూరగా నిలిచింది. మొక్క విలువ దాని గుణాల్లో మాత్రమే ఉండదు, దాన్ని వాడే సమాజం ఇచ్చే స్థానంలోనూ ఉంటుంది.

3. పెరటి తీగ ఎందుకు నిలిచింది?

బచ్చలి పెంపకం మీలో చాలామందికి అనుభవమే. అయినా చరిత్ర దృష్టితో ఒకసారి చూడండి. విత్తనం గట్టిది, రాత్రి నానబెట్టి నాటితే త్వరగా మొలుస్తుంది. విత్తనం లేకపోతే ముదురు కాడను రెండు మూడు కణుపులతో తుంచి తడిమట్టిలో గుచ్చితే చాలు. రెండు నెలలు తిరక్కుండానే కోతకు వస్తుంది. దడి మీదికో పందిరి మీదికో ఎక్కిస్తే నేల ఆక్రమించదు. చివళ్ళు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. చలికి మందగిస్తుంది కాని వేడికి తట్టుకుంటుంది. పగటి పొద్దు తగ్గే రోజుల్లో పూతకు, కాతకు వస్తుంది. దీనికి కావలసిందల్లా వేళ్ళ దగ్గర కాస్త తేమ.

మెట్ట ప్రాంతపు ఇంట్లో ఆ తేమ ఎక్కడ దొరుకుతుంది? అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు పారే చోట. పొలానికి నీళ్ళు లేని వేసవిలోనూ పెరట్లో ఆ మూల తడిగానే ఉంటుంది. కాబట్టి బచ్చలి వర్షం మీద ఆధారపడిన పంట కాదు, ఇంటి వాడుక నీటి మీద బతికిన పంట. కాడ ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చుకునేదే, కొనేది కాదు. దీనికి శిస్తు లేదు, సంతలో ధర లేదు. శిస్తు లేనిది రెవెన్యూ లెక్కల్లోకి ఎక్కదు. ఈ తీగ ప్రభుత్వ దస్తావేజుల్లో కనిపించకపోవడానికి కారణం అదే. దాన్ని పెంచింది, నీళ్ళు పోసింది, కోసింది, వండింది ఎక్కువగా స్త్రీలు. వారి పని కూడా ఆ దస్తావేజుల్లోకి ఎక్కలేదు. రెండు లోపాలకూ మూలం ఒకటేనని మీరు గమనించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) బచ్చలి శాస్త్రనామం దక్షిణ భారత భాష నుంచి ఎలా వచ్చింది?
(ఆ) ప్రభుత్వ రికార్డుల్లో పెరటి పంటలు కనిపించకపోవడానికి కారణం ఏమిటి?

4. శ్రీనాథుని చాటువు: ఒక వెక్కిరింత ఇచ్చిన సాక్ష్యం

దస్తావేజులు మౌనంగా ఉన్న చోట ఒక చాటుపద్యం మాట్లాడింది. శ్రీనాథుడు పదిహేనో శతాబ్దం మొదటి భాగంలో వెలిగిన కవి. కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి (పాలన 1402–1420) ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్నాడు. ఆయన పల్నాడులో తిరిగినప్పుడు చెప్పాడంటూ ప్రచారంలో ఉన్న చాటువుల్లో ఒకటి బచ్చలికూరను గురించినది. పద్యం మీరు విన్నదే అయి ఉంటుంది. దాని సారాంశం ఇది: కవి శ్రీకృష్ణునికి సవాలు విసురుతాడు. పూతన విషాన్ని తాగావు, కార్చిచ్చును మింగావు, అది ఒక గొప్పా? చింతచిగురు వేసి వండిన వేడి బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద దిగమింగు, అప్పుడు నీ సత్తా ఏమిటో తెలుస్తుంది.

పద్యం నవ్విస్తుంది. చరిత్ర విద్యార్థిగా మీరు నవ్విన తరవాత మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఇది నిజంగా శ్రీనాథునిదేనా? చాటువులు నోటి నుంచి నోటికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు ఇరవయ్యో శతాబ్దంలో వాటిని సేకరించి 'చాటుపద్యమణిమంజరి' వంటి సంపుటాలుగా అచ్చువేశారు. కవి కాలానికీ, అచ్చుకూ మధ్య అయిదు వందల ఏళ్ళ దూరం ఉంది. ఈ మధ్యలో మాటలు మారి ఉండవచ్చు, ఎవరో చెప్పిన పద్యం పేరున్న కవికి అంటుకుని ఉండవచ్చు. అందుచేత 'ఫలానా సంవత్సరంలో శ్రీనాథుడు పల్నాడులో బచ్చలికూర తిన్నాడు' అని రాయకూడదు. 'పల్నాటి తిండి అంటే జొన్నకూడు, చింతచిగురు బచ్చలి అనే భావన తెలుగు వారిలో తరతరాలుగా ఉంది' అని మాత్రం రాయవచ్చు. రెండో వాక్యాన్ని ఆధారం మోస్తుంది, మొదటి వాక్యాన్ని మోయలేదు.

రెండో ప్రశ్న: ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారు? శ్రీనాథుని జీవితం కొండవీడు, రాజమహేంద్రవరం ఆస్థానాల్లో గడిచింది. వరి అన్నం, నెయ్యి, కర్పూర తాంబూలం అలవాటైన నాలుక అది. డెల్టా కంటితో మెట్టను చూస్తే జొన్న మోటుగా కనిపిస్తుంది. పద్యంలో కనిపించే చిరాకు అతిథిది. అదే ముద్దను రోజూ తిన్న ఇంటివారి మాట మనదాకా రాలేదు. ఆధారంలో ఎవరి గొంతు ఉందో, ఎవరిది లేదో గుర్తించడం చరిత్ర రచనలో తొలి మెట్టు.

మూడో ప్రశ్న: కవి ఉద్దేశించకుండానే ఏం చెప్పాడు? ఇది అన్నిటికంటే విలువైన ప్రశ్న. బచ్చలి ఆకులో జిగురు ఎక్కువ. పులుపు తగిలితే ఆ జిగురు విరుగుతుంది. బెండకాయకు చింతపండు పులుసు పోసేదీ ఇందుకే. అంటే ఆ కూర వండిన ఇల్లాలికి ఆకు గుణం తెలుసు, దానికి విరుగుడూ తెలుసు. చింతచిగురు ఎండలు ముదిరే వేళ వస్తుంది. కాబట్టి పద్యం చూపుతున్నది చెరువులు అడుగంటే కాలపు కంచం. పొలంలో పచ్చదనం లేనప్పుడు చెట్టు మీద చిగురు, దడి మీద తీగ ఆ ఇంటికి కూర ఇచ్చాయి. కవి వెక్కిరించింది ఒక మోటు తిండిని, మనకు కనిపిస్తున్నది కరవు నేలలో బతకడం తెలిసినవారి ఏర్పాటు.

5. ఒక ముద్దలో ఎన్ని దేశాలు?

ఆ ముద్దను ఇంకొంచెం పరిశీలిద్దాం. జొన్న ఆఫ్రికాలో పుట్టిన ధాన్యం. వేల ఏళ్ళ కిందటే మన దేశం చేరి దక్కను నల్లరేగళ్ళలో స్థిరపడింది. చింత మూలం కూడా ఆఫ్రికా ఉష్ణప్రాంతాలే అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. బచ్చలి ఆసియాది. అంటే 'అచ్చమైన పల్నాటి తిండి' అని మనం అనుకునే ముద్దలో రెండు ఖండాలు కలిశాయి.

ఇక ఆ ముద్దలో ఏది లేదో చూడండి. మిరపకాయ లేదు. మిరప అమెరికా మొక్క. పోర్చుగీసు వారు సముద్రమార్గంలో వచ్చిన తరవాతనే, అంటే 1498 తరవాతనే, మన తీరానికి చేరింది. శ్రీనాథుని కాలం అప్పటికే ముగిసింది. గుంటూరు అనగానే మిరప గుర్తొచ్చే మనకు మిరప లేని పల్నాటి కూర ఊహకు అందదు. కాని ఆనాటి కారం మిరియాలది, ఆవాలది. టమాటా లేదు, వేరుశనగ నూనె లేదు. ఈనాటి వంటను వెనక్కి తీసుకుపోయి పదిహేనో శతాబ్దంలో పెట్టడం కాలదోషం. కోస్తా పెళ్ళిళ్ళలో వడ్డించే ఆవపెట్టిన కంద బచ్చలి కూరలో ఎండుమిరప పోపు తీసేసి చూస్తే పాత రుచికి కొంత దగ్గర కావచ్చు. అదే బచ్చలి కందతో కలిసి విందు భోజనంలో గౌరవం పొందింది, జొన్నతో కలిసి వెక్కిరింత పాలైంది. తేడా ఆకులో లేదు, పక్కనున్న ధాన్యంలో ఉంది. వరి సరసన కూర్చున్నది విందు, జొన్న సరసన కూర్చున్నది పేదరికం అనే లెక్క మన సమాజంలో ఎంత లోతుగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) చాటువును ఆధారంగా వాడేటప్పుడు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు ఏవి?
(ఆ) కాలదోషం అంటే ఏమిటి? మిరప ఉదాహరణతో వివరించండి.

6. కాలువ వచ్చింది, కంచం మారింది

విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. డెల్టా వరి మాగాణిగా మారింది. ఎగువన ఉన్న పల్నాడు, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు అదే నది ఒడ్డున ఉండి కూడా చెరువులు, బావులు, వానల మీదనే ఆధారపడ్డాయి. నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. కుడి కాలువకు జవహర్, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేర్లు పెట్టారు. దిగువ డెల్టాకు కాలువ నీరు అందిన 112 ఏళ్ళకు ఎగువ ఒడ్డుకు అందింది.

ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో జొన్న చేలు వరి మళ్ళయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణంగా పేరు తెచ్చుకుంది. అవతలి ఒడ్డున కుడి కాలువ పల్నాటి ముఖచిత్రాన్ని మార్చింది. ఆపైన 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. కాలువ అందని మెట్ట ఊళ్ళలోనూ పేదల ఇళ్ళకు వరి అన్నం రోజువారీ తిండి అయింది.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. పాత తిండిని పొగిడి కొత్త తిండిని తిట్టడం సులభం. కాని పండగకో పబ్బానికో తప్ప వరి మెతుకు చూడని కుటుంబానికి రోజూ వేడి అన్నం దొరకడం ఆకలి మీద గెలుపు, అంతకు మించి గౌరవం. జొన్న దంచడం, విసరడం స్త్రీల వెన్ను విరిచే చాకిరీ. ఆ చాకిరీ తగ్గడాన్ని నష్టాల పద్దులో రాయలేం. అదే సమయంలో పోయినదాన్నీ లెక్కించాలి. పెరళ్ళు చిన్నవయ్యాయి, మురుగు కాలువలు వచ్చాయి, దడుల చోట గోడలు లేచాయి. తీగకు తడి మూల పోయింది. ఊరికే దొరికే ఆకు కొనుక్కునే ఆకైంది. అన్నం పెరిగింది కాని దాని పక్కన ఆకుకూర ఆ లెక్కన పెరగలేదు. ఆకలి తీరడం వేరు, పోషణ అందడం వేరు అనే సంగతి మన కాలపు ప్రశ్నగా మిగిలింది.

ఇంకో మలుపు చూడండి. భారత ప్రభుత్వ ప్రతిపాదన మేరకు ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్నరొట్టె ఇప్పుడు నగరాల్లో ఆరోగ్యాహారం. ఒకప్పుడు దేవుణ్ణి కూడా భయపెట్టగలదని కవి నవ్విన ముద్దను ఇవాళ డబ్బున్నవారు వైద్యుల సలహాతో కొని తింటున్నారు. ధాన్యం మారలేదు, తినేవారి తరగతి మారింది.

7. మీరు చేయవలసిన క్షేత్ర పని

ఈ మార్పును కళ్ళారా చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. 1967లో పదిహేనేళ్ళున్న వ్యక్తికి ఇప్పుడు డెబ్బై దాటాయి. వారి జ్ఞాపకాలు ఏ గ్రంథాలయంలోనూ లేవు. దూరవిద్య విద్యార్థులైన మీరు ఊళ్ళలోనే ఉండి చదువుకుంటున్నారు. రోజూ తరగతికి వెళ్ళే విద్యార్థి కంటే ఈ పనికి మీరే దగ్గర.

అడిగే పద్ధతి ముఖ్యం. 'మీరు పూర్వం ఏం తినేవారు?' అని అడిగితే చాలామంది 'అన్నమే తిన్నాం' అంటారు. పేదతిండిని చెప్పుకోవడానికి సిగ్గు అడ్డొస్తుంది. ఆ సిగ్గు శ్రీనాథుని నవ్వుకు మరో వైపు. దాన్ని గౌరవించి పక్క నుంచి అడగండి. అవ్వ, తాత, పెద్దమ్మ అని మీ ఊళ్ళో ఎలా పిలుస్తారో అలాగే పిలిచి కూర్చోండి. 'ఎండాకాలంలో కూరకు ఏముండేది? బచ్చలి తీగ ఇంట్లో ఏ వైపు పాకేది? దానికి నీళ్ళు ఎక్కడివి? కాడ ఎవరింటి నుంచి తెచ్చుకున్నారు? మీ ఇంట్లో మొదట రోజూ వరి అన్నం ఎప్పుడు మొదలైంది?' అని అడగండి. తేదీ గుర్తు లేకపోతే పెళ్ళి, కాన్పు, కాలువ నీళ్ళు మొదట వచ్చిన ఏడు వంటి గుర్తులతో కాలం కట్టుకోండి. పేరు రాసుకునే ముందు అనుమతి తీసుకోండి. వద్దంటే రాయకండి. ఒకరి మాటను మరో ఇద్దరి మాటతో సరిపోల్చండి. మూడు ఇళ్ళు ఒకే మాట చెప్పినా అది ఆ వీధి చరిత్రే కావచ్చు, ఊరి చరిత్ర కాకపోవచ్చు. వేరే వాడల్లోనూ అడగండి.

8. సారాంశం

బచ్చలి ఆసియా ఉష్ణప్రాంతాల తీగ. దాని శాస్త్రనామం దక్షిణ భారత భాష నుంచి వెళ్ళింది. మెట్ట ప్రాంతాల్లో ఇంటి వాడుక నీటితో పెరిగి శిస్తుకు, లెక్కలకు అందకుండా నిలిచింది. శ్రీనాథుని పేర వినిపించే చాటువు జొన్న, చింతచిగురు, బచ్చలి కలిసిన పల్నాటి ముద్దను గేలి చేసింది. రచయిత ఎవరన్నది తేలకపోయినా ఆ భోజనం ఉనికికి, దాని వెనకనున్న వంట తెలివికి, దాన్ని చిన్నచూపు చూసిన వర్గ దృష్టికి అది సాక్ష్యం. 1967 తరవాత సాగర్ కాలువలు, 1983 తరవాత చౌక బియ్యం ఈ కంచాన్ని మార్చాయి. ఆ మార్పులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. రెండింటినీ ఒకే చేత్తో రాయడం చరిత్రకారుని బాధ్యత.

9. కీలక పదాలు

చాటువు: సందర్భాన్ని బట్టి చెప్పగా నోటిమాటగా ప్రచారమైన విడి పద్యం.
కాలదోషం: ఒక కాలానికి చెందిన వస్తువును, భావాన్ని మరో కాలానికి అంటగట్టడం.
మెట్ట: కాలువ నీరు లేక వర్షం మీద ఆధారపడే భూమి.
మౌఖిక ఆధారం: రాతలో కాక జ్ఞాపకంలో, మాటలో నిలిచిన చారిత్రక సమాచారం.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పల్నాడు, మిర్యాలగూడ ప్రాంతాల ఆహారంలో నాగార్జునసాగర్ ప్రాజెక్టు తెచ్చిన మార్పులను సమీక్షించండి.
2. సాహిత్యాన్ని సామాజిక చరిత్రకు ఆధారంగా వాడడంలోని ప్రయోజనాలను, పరిమితులను బచ్చలి చాటువు ఆధారంగా చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఒకే ఆకు ఒక చోట విందుగా, మరోచోట పేదరికానికి గుర్తుగా ఎందుకు మారింది?
2. చైనాలో బచ్చలి పండ్ల ఉపయోగం గురించి రాయండి.
3. మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని డెబ్బై ఏళ్ళు దాటిన ఒకరితో మాట్లాడి, వారి చిన్ననాటి వేసవి భోజనాన్ని నమోదు చేయండి. రాసినది వారికి చదివి వినిపించి, వారు దిద్దిన తరవాతనే అభ్యాస పత్రంగా పంపండి.